యాప్‌లో గ్రాఫ్ సూపర్, గ్లాసులో వెన్న వాసన: నా ఫస్ట్ లాగర్ ఎందుకు పాడైంది?

నా ఫస్ట్ లాగర్ 20 లీటర్లు. రెండు నెలలు ఆగి గ్లాసులో పోస్తే సినిమా హాల్లో బటర్ పాప్‌కార్న్ వాసన! మొత్తం సింక్‌లో పోసేశాను. ఇన్ని గ్యాడ్జెట్లు పెట్టి కూడా ఎక్కడ తప్పు చేశానో ఈ ఆర్టికల్‌లో చెప్తాను.

ముందే ఒక మాట. నేనుండేది అమెరికాలో, ఒహాయోలో. ఇక్కడ సొంత వాడకానికి ఇంట్లో బీర్ చేసుకోవడానికి ఫెడరల్ చట్టం 1979 నుంచి ఒప్పుకుంటుంది. ఏపీ, తెలంగాణల్లో లైసెన్స్ లేకుండా చేస్తే కేసే. అక్కడున్నవాళ్లు చదివి వదిలేయండి.

నా సెటప్: ఒక పాత ఫ్రిజ్, దాన్ని ఆన్-ఆఫ్ చేసే టెంపరేచర్ కంట్రోలర్, బీర్‌లో తేలుతూ ఫోన్‌కి రీడింగ్స్ పంపే బ్లూటూత్ హైడ్రోమీటర్. ఇది కొలిచేది గ్రావిటీ, అంటే సాంద్రత. నీళ్లకి 1.000, చక్కెర కలిస్తే ఎక్కువ. నాది 1.048 దగ్గర మొదలై 1.010 దగ్గర ఆగింది. అంటే దాదాపు 5 శాతం ఆల్కహాల్. యాప్‌లో అంతా పర్ఫెక్ట్.

లాగర్ ఈస్ట్ ఒక హైబ్రిడ్. బ్రెడ్‌కి వాడే ఈస్ట్ జాతికీ, చలికి తట్టుకునే ఇంకో జాతికీ పుట్టింది. ఆ రెండో జాతి పటగోనియా అడవుల్లో దొరికిందని 2011లో ప్రకటించారు. అందుకే 12 డిగ్రీల్లో కూడా పని చేస్తుంది, కానీ స్లోగా. కాబట్టి ఈస్ట్ ఎక్కువ వేయాలి. 20 లీటర్లకి 11.5 గ్రాముల ప్యాకెట్లు రెండు వేశాను. ఇక్కడిదాకా ఓకే.

మొదటి తప్పు: కంట్రోలర్ సెన్సర్‌ని ఫ్రిజ్‌లో గాలికి వేలాడదీశాను. ఈస్ట్ పని చేస్తుంటే బీర్ తనంతట తానే వేడెక్కుతుంది. గేమ్ ఆడుతుంటే ఫోన్ వేడెక్కినట్టే. గాలి 12 ఉంటే బీర్ 15కి పోయింది. హైడ్రోమీటర్ ఆ 15నే చూపిస్తుంటే, దాని కాలిబ్రేషన్ తేడా అనుకున్నా!

రెండో తప్పే అసలు కొంప ముంచింది. గ్రాఫ్ ఫ్లాట్ అయిన రోజే 2 డిగ్రీలకి దించేశాను. ఈస్ట్ పెరిగేటప్పుడు ఒక పదార్థాన్ని బయటికి వదులుతుంది. అది మెల్లగా డయాసిటైల్‌గా మారుతుంది, వెన్న వాసన దానిదే. వేడి పెరిగితే ఇది ఇంకా ఎక్కువ తయారవుతుంది. తర్వాత ఈస్టే దాన్ని మళ్లీ లోపలికి తీసుకుని క్లీన్ చేస్తుంది. నేను ఆ టైమ్ ఇవ్వకుండా చలికి నిద్రపుచ్చాను. ఫ్లాట్ గ్రాఫ్ అంటే చక్కెర అయిపోయిందని మాత్రమే. డయాసిటైల్‌ని ఏ హైడ్రోమీటరూ చూపించదు.

రెండో బ్యాచ్‌లో సెన్సర్‌ని డబ్బా గోడకి టేప్ వేసి, పైన ఫోమ్ ముక్క అంటించాను. గ్రావిటీ 1.016కి రాగానే 17 డిగ్రీలకి పెంచి మూడు రోజులు ఉంచాను. ఆ తర్వాత టెస్ట్: రెండు చిన్న గ్లాసుల్లో బీర్ తీసి మూత పెట్టి, ఒకదాన్ని 60 డిగ్రీల నీళ్లలో 20 నిమిషాలు ఉంచి చల్లార్చాను. వేడికి దాక్కున్న డయాసిటైల్ బయటపడుతుంది. రెండూ వాసన చూశాను. వెన్న జాడ లేదు. అప్పుడు 2 డిగ్రీలకి దించి నాలుగు వారాలు ఆగాను. ఈసారి సింక్‌కి ఒక్క చుక్క కూడా పోలేదు.

ఏది కొనాలంటారా? ముందు కంట్రోలర్. నురగ అంటుకుంటే బ్లూటూత్ హైడ్రోమీటర్ రీడింగ్ జరుగుతుంది, ఫ్రిజ్ తలుపు మూస్తే సిగ్నల్ కూడా పడిపోతుంది. చివరి రీడింగ్ నేను ఇప్పటికీ మామూలు గాజు హైడ్రోమీటర్‌తోనే చూస్తున్నాను.