పాత రాతియిండ్ల మరమ్మతు: మిద్దె, గోడ, సున్నము

మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములు 1970వ సంవత్సరమున ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా యేర్పడువఱకు కర్నూలు జిల్లాలో చేరియుండెను. ఇండ్ల కట్టుబడిలో ఆ పొత్తు నేటికిని తెలియుచునేయున్నది. సముద్రతీరపు గ్రామములలో తాటాకుటిండ్లును పెంకుటిండ్లును ఉండగా, మన గ్రామములలో మట్టితో పేర్చిన రాతిగోడలును, వానిపై మట్టిమిద్దెలును తాతలనాటినుండి నిలిచియున్నవి. ఇట్టి యిల్లు గల సభ్యులు మమ్ము తఱచుగా అడుగు ప్రశ్న యొకటి గలదు. "దీనిని పడగొట్టి స్లాబు వేయుదుమా, లేక బాగుచేసికొందుమా?" అప్పు తెచ్చియైనను చేయవలసిన పని గనుక దీనికి తొందరపడి జవాబు చెప్పరాదు. వానకాలమున మిద్దె కూలి నిద్రలో నున్నవారు మరణించిరను వార్త ఏటేట ఏదో యొక యూరినుండి వచ్చుచునే యుండును. అట్లని పాతమిద్దె లన్నియు ప్రమాదకరములని తలపరాదు. ఏ యింటికి ఏమి వ్యాధియో మొదట చూచుకొనవలెను.

చూచుట పైనుండి ప్రారంభింపవలెను. మన మిద్దెల నిర్మాణము సభ్యు లెఱిగినదే. దూలములు, దూలములపై దంతెలు, దంతెలపై కట్టెపేళ్ళు గాని నాపబండలు గాని, వానిమీద ఆకు లేక బోద, ఆపైన మెత్తిన మన్ను, అన్నింటిపైన చవుడు. ఈ చవుడు సంగతి కొంచెము వివరించెదము. ఏలనన ఇది మా వృత్తికి సంబంధించిన విషయము. చవుడుమంటిలో సోడియము మెండుగా నుండును. వాన తగిలినంతనే ఆ మంటి రేణువులు ఒకదానినుండి యొకటి విడివడి, సందులలోనికి దిగి వానిని పూడ్చివేయును. అందుచేత నీరు క్రిందికి దిగదు. పొలమున నీరు దిగకపోవుట పైరునకు చేటు. మిద్దెపైన అదియే మేలు. పైరు పండని నేలను పెద్దలు నెత్తిపై కప్పుకొని వానను ఆపిరి. అయితే జిప్సము వేసి బాగుచేసిన చవుటిపొలమునుండి మన్ను తెచ్చి మిద్దెపై పోయరాదు. జిప్సము ఆ గుణమును పోగొట్టును గనుక ఆ మన్ను నీటిని ఆపజాలదు.

తెచ్చిన మన్ను పనికివచ్చునా యని పరీక్షించుట సులభము. గాజుగ్లాసులో వాననీరు పోసి, సెనగగింజంత ఎండిన మంటిపెళ్ళను అందులో మెల్లగా విడిచి కదల్పక యుంచవలెను. గంటసేపటిలో పెళ్ళ చుట్టును నీరు పాలవలె తెల్లబడి మబ్బు క్రమ్మినచో అది మంచి చవుడు. పెళ్ళ విరిగి క్రింద కుప్పపడి, నీరు తేటగానే యున్నచో ఆ మన్ను మిద్దెకు వలదు. బావినీటితో ఈ పరీక్ష చేయరాదు. మన బావులలో అనేకము ఉప్పునీరు. ఉప్పు మబ్బును అణచివేయును.

చవుడు మంచిదే గాని, దాని బరువే మిద్దెకు మృత్యువు. కారినప్పుడెల్ల పాతమంటిని తీయకయే దానిపై మఱియొక తట్ట మన్ను వేయుట మనవారి యలవాటు. తాత వేసినది, తండ్రి వేసినది, కొడుకు వేసినది పొరపై పొరగా పేరుకొనును. లెక్క చూడుడు. 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల గదిపై మూడంగుళముల మన్ను అదనముగా చేరినచో 45 ఘనపుటడుగులగును. తడిసిన మన్ను ఘనపుటడుగు రమారమి 50 కిలోలు తూగును. అనగా ఆ మూడంగుళములే 22 క్వింటాళ్ళకు పైబడిన భారము. అరువది యేండ్లనాటి దూలము అంతటి భారమును వాన కురియుచుండగా అర్ధరాత్రి మోయవలసి వచ్చుచున్నది. కాబట్టి క్రొత్తమన్ను వేయుటకు ముందు పాతమంటిని తీయుడు. తీయునపుడు లోపల దూలముల క్రింద గుంజలు నిలిపి, పైన రెండు ప్రక్కలనుండి సమముగా తీయుచు రావలెను. తీసిన మంటిని మిద్దెపైననే ఒక మూల కుప్ప వేయుట మిక్కిలి ప్రమాదము.

మన్ను తీసినప్పుడే దూలపు కొసలు చూచుకొనవలెను. దూలము నడుమ గట్టిగా నుండి, గోడలో దూరిన కొసయే పుచ్చుట సాధారణము. గోడ చెమ్మ దానిని తినివేయును, చెదలు తక్కినది ముగించును. సుత్తితో తట్టినచో మ్రోత తెలియును. మేకు గ్రుచ్చినచో దిగును. ఒక కొస మాత్రము చెడినయెడల గోడకు ఆనించి రాతిస్తంభము గాని కఱ్ఱ నిట్టాడు గాని నిలిపి భారమును దానిపైకి మార్పవచ్చును. రెండు కొసలును చెడిన దూలమును ఇంక నమ్మరాదు.

వాలు నాలుగడుగులకు ఒక అంగుళమైనను ఉండవలెను. నీరు దిగు దోనె గోడనుండి అడుగున్నర, రెండడుగులు వెలుపలికి సాగియుండవలెను. దోనె విరిగిన యింటి గోడను చూడుడు. దాని క్రింద రాళ్ళ నడుమ మన్ను కరిగి గాడి పడియుండును. పాతిక రూపాయల రేకుముక్క లేక ఒక గోడ పోయిన యిండ్లు మేము చూచితిమి. గవాక్షి చుట్టును కట్టిన అంచును కూడ ఏటేట సరిచూడవలెను. పిట్టగోడలో మొలచు రావి, జువ్వి మొక్కలను చిన్ననాడే వేరుతో పెఱికివేయుడు. కొమ్మ నఱికి వేరు విడిచినచో లాభము లేదు.

ఇక గోడలు. మన రాతిగోడ చూచుటకు ఒకటే గాని నిజమునకు రెండు. వెలుపల నొక వరుస, లోపల నొక వరుస, నడుమ చిల్లరాళ్ళును మన్నును. ఈ రెండు వరుసలను కలిపి పట్టునది గోడ వెడల్పంతయు సాగిన అడ్డురాయి. పూర్వపు మంచి మేస్త్రీలు దీనిని మఱువలేదు. చవుకగా గుత్తకు కట్టిన గోడలలో ఇది కానరాదు. అడ్డురాళ్ళు లేని గోడలోనికి నీరు దిగినచో నడిమి మన్ను జారి క్రిందికి చేరి రెండు వరుసలను వెలుపలికి త్రోయును. దీనినే గోడ పొట్ట వచ్చినదందురు. 1993 సెప్టెంబరు 30వ తేదీన మహారాష్ట్రములోని లాతూరు, ఉస్మానాబాదు జిల్లాలలో భూకంపము వచ్చినప్పుడు వేలకొలది జనులు మరణించిరి. అక్కడి యిండ్లును మన యిండ్ల వంటివే. మట్టితో పేర్చిన దళసరి రాతిగోడలు, పైన బరువైన మట్టికప్పు. గోడలు రెండు వరుసలుగా చీలిపోగా కప్పు నేరుగా జనులపై పడెను. మన ప్రాంతమునకు భూకంపము రాదని ధైర్యముగా నుండుట తగదు. 1967 మార్చి 27వ తేదీన ఒంగోలు ప్రాంతమున వచ్చినది పెద్దలకు జ్ఞాపకముండును.

లాతూరు తరువాత ఇంజనీర్లు పాతగోడలకు ఒక చికిత్సను వాడుకలోనికి తెచ్చిరి. రమారమి గజమునకొకచోట ఒక రాతిని మెల్లగా ఊడదీసి, నడిమి మంటిని చేతితో తోడి, ఆవలి వరుసలో ఎదురుగానున్న రాతిని కూడ తీసి, గోడ యీవలినుండి యావలికి రంధ్రము చేయుదురు. రెండు కొసల కొక్కెములు గల 8 మిల్లీమీటర్ల ఇనుపకడ్డీ అందులో పెట్టి 1:2:4 పాళ్ళ కాంక్రీటుతో నింపుదురు. ఇదియే క్రొత్త అడ్డురాయి. గడపారతో మోది రంధ్రము చేయరాదు. ఒకేమాఱు ప్రక్కప్రక్కన రెండు రంధ్రములు తెఱవరాదు. సిమెంటుపై మాకు పగ లేదని చెప్పుటకు కూడ ఈ పని ఉదాహరణము.

అయితే అదే సిమెంటును మట్టిగోడ ముఖమునకు పూయుట మేము అంగీకరింపము. మన దేశమున పోరుబందరులో 1914లో సిమెంటు తయారీ నిలద్రొక్కుకొన్నది. అంతకుముందు కట్టిన గోడలు దానిని ఎఱుగవు. మట్టియు సున్నమును చెమ్మను పీల్చి మఱల గాలికి విడుచును. సిమెంటుపూత దానిని విడువనీయదు. నేలనుండియు మిద్దెనుండియు చేరిన నీరు పూత వెనుక నిలిచిపోయి లోపలి మంటిని మెత్తపఱచును. పూత బిరుసైనది, గోడ మెత్తనిది. రెండును ఒకరీతిగా కదలవు. మూడునాలుగేండ్లకు పూత పలకలుగా ఊడుటయే గాక రాతి ముఖమును కూడ పెఱికికొని పోవును. ఇంటియజమాని మఱల సిమెంటే పూయించును. అప్పు పెరుగును, గోడ క్షీణించును.

దీనికి తగిన పని సున్నముతో దర్జులు నింపుట. రాళ్ళ సందులలోని వదులుమంటిని అంగుళము లోతువఱకు గీకి, దుమ్ము ఊడ్చి, నీరు చిలికి, చిల్లరాళ్ళను ఒత్తి, సున్నపుముద్దను తాపీకొసతో లోనికి దట్టించవలెను. రాతి ముఖమంతట పులుమనక్కఱలేదు. రాళ్ళు మార్చవలసివచ్చినచో ఒక జాగ్రత్త. మార్కాపురము పలకరాతికి పేరుగన్నది. ఈ రాతి శ్రేణికి భూగర్భశాస్త్రజ్ఞులు కంభము పేరే పెట్టిరి. పలకరాయి పొరలుపొరలుగా విచ్చును గనుక, భూమిలో నున్నట్లే పొరలు అడ్డముగా నుండునట్లు పఱవవలెను. అందముకొఱకు పొరలను నిలువుగా నిలిపినచో నీరు పొరల మధ్యకు దిగి ముఖము చెక్కలుగా రాలును.

సున్నము విషయమున మోసము మెండు. పాత సంచిలోని పొడిసున్నము గాలికి ఇదివఱకే చచ్చియుండును. అది గోడకు రంగే గాని బలమీయదు. పిడుగురాళ్ళ వంటి బట్టీలనుండి క్రొత్తగా కాల్చిన గడ్డసున్నము తెచ్చి, గుంటలో ఊరవేయుడు. పలుచని జల్లెడ పట్టి, పైన నీరు నిలిపి, నెలరోజులైన తరువాత వాడుకొనుట మేలు. తెల్లసున్నము గాలితోనే గట్టిపడును గాని చెమ్మలో గట్టిపడదు. దానికి కాల్చిన ఇటుకపొడి, అనగా సుర్కీ తోడు కావలెను. సున్నము ఒక పాలు, సుర్కీ ఒక పాలు, కడిగిన యేటియిసుక రెండు పాళ్ళు చాలును. పూర్వము దీనిని ఎద్దులగానుగలో నూరి డంగుసున్నమనిరి; బెల్లపునీరు, నల్లమల కరక్కాయ నానిన నీరు కలుపుటయు కలదు. గానుగ దొరకనిచోట పారతో ఎంత యెక్కువసేపు త్రిప్పిన అంత మంచిది. నీరు మాత్రము తియ్యనిదై యుండవలెను. గుంట యొక్కటి పదియిండ్లకు చాలును గనుక, సంఘములోని పదిమంది సభ్యులు కలిసి ఒక బండెడు గడ్డసున్నము తెప్పించుకొనుట లాభకరము. ఒక్కరు తెచ్చుకొన్న సున్నము సగము వృథాయగును.

సున్నము విఱుచునపుడు అది సలసల క్రాగును. నీటిలో సున్నపుగడ్డలను కొద్దికొద్దిగా వేయవలెను గాని, గడ్డల కుప్పపై నీరు క్రుమ్మరింపరాదు. పిల్లలను దరిదాపులకు రానీయకుడు. చుక్క కంటిలో పడినచో మంచినీటితో చాలసేపు కడిగి వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. చూపు పోవు ప్రమాదము కలదు.

గోడ క్రిందిభాగమున రెండుమూడడుగుల యెత్తువఱకు ఉప్పు పొంగి పెచ్చులూడుట అనేకుల ఫిర్యాదు. ఎంత మంచి పూతయైనను దీనిని ఆపదు. కారణము వెలుపల నున్నది. వీధిరోడ్డు మరమ్మతు చేసినప్పుడెల్ల ఎత్తు పెరిగి, ఇంటినేల పల్లమైపోయినది. వాననీరు పునాదికే చేరుచున్నది. కాలువ తీసి నీరు మళ్ళింపక తక్కిన ఖర్చు చేయవలదు. పశువుల కొట్టమును, పేడదిబ్బయు గోడకు ఆనియున్నచో ఆ మూత్రమునుండియే సూరేకారపు ఉప్పు గోడ కెక్కును. దిబ్బను జరపుటకు కాసు ఖర్చు లేదు. ఆ యెరువు పొలమునకు చేరినచో మఱింత మేలు.

పగులు కనబడినంతనే నింపవలదు. పగులుపై అడ్డముగా సన్నని అద్దపుముక్కను రెండు కొసలయందును సున్నముతో అంటించి, ప్రక్కను తేదీ వ్రాసియుంచుడు. ఒక వానకాలము, ఒక యెండకాలము గడిచినను అద్దము పగులనిచో అది పాతపగులు, నింపుకొనవచ్చును. అద్దము పగిలినచో పునాది కదలుచున్నది. నల్లరేగడి నేలలలో ఇది తఱచు. ఆ నేల తడికి ఉబ్బి ఎండకు కుంచించును. అప్పుడు ఇంజనీరు చూడవలెను. రెండడుగుల వెడల్పు గోడ తూకపుగుండుకు నాలుగంగుళములకు మించి ప్రక్కకు వాలినను, పొట్ట యేటేట పెరుగుచున్నను, ఆ గదిలో పడక మాని, మరమ్మతు మాట తరువాత ఆలోచింపుడు. అట్టి గోడను దింపి, అదే రాతితో అడ్డురాళ్ళు వేసి మఱల కట్టుకొనుటయే యుక్తము. రాయి ఎట్లును మీదే గనుక ఖర్చు తలచినంత కాదు.

మిద్దెపని వైశాఖ జ్యేష్ఠములలో, వానలకు ముందే ముగింపవలెను. సున్నపుపని ఎండలో చేయరాదు. త్వరగా ఎండిన సున్నము పొడియగును. కార్తికమునుండి మాఘమువఱకు దానికి అనుకూలము. తడిపిన గోనెలు కప్పి వారము పది దినములు ఆరకుండ చూడవలెను. దర్జుపనికి మేస్త్రీని దినకూలికే పెట్టుకొనుడు. గుత్తకిచ్చినచో సందు గీకకయే పైపైన పులిమి పోవుదురు, మఱుసటి వానకు గాని అది బయటపడదు. సున్నపుపని యెఱిగిన వృద్ధమేస్త్రీలు ఇంకను కొన్ని యూళ్ళలో గలరు. వారితో ఇద్దఱు పడుచువారిని జతచేసినచో పనియు జరుగును, విద్యయు నిలుచును. పాళ్ళు, గీకవలసిన లోతు, తడుపవలసిన దినములు కాగితముపై వ్రాసి ఇరువురును సంతకము చేసిన పిమ్మటనే బయానా ఇయ్యుడు.