మూత్రములో మాంసకృత్తుల పరీక్ష

సూరత్ నగరములో, తాపీనదికి ఉత్తరపు టొడ్డున నున్న అమ్రోలిలో మరమగ్గములు విస్తారముగా నడచుచుండును. తెలంగాణ పద్మశాలీలు నేతపనికై సూరత్‌కు తరలివచ్చి తరములు గడచినవి. మరమగ్గము వద్ద పని తరచు పండ్రెండు గంటలు సాగును. షెడ్డులో ఉక్క మెండు. నీరు త్రాగుటకు తీరిక తక్కువ. పని దిగునప్పటికి ఒళ్లునొప్పులు, నొప్పులకు ఒక బిళ్ల. ఇట్టి కార్మికునికి మధుమేహమో రక్తపుపోటో తోడైనచో, మూత్రపిండములు చెడుచున్నట్లు తెలియుట ఎట్లు? ఈ వ్యాధి మొదట నొప్పి పెట్టదు. కాళ్లకు నీరు దిగి, ఆయాసము కలుగునప్పటికి చాలవరకు నష్టము జరిగియుండును.

ఒక్కొక్క మూత్రపిండములో సుమారు పది లక్షల సూక్ష్మమైన వడపోత భాగములు గలవు. అవి రక్తములోని మలినములను విడిచిపెట్టి, మాంసకృత్తులను నిలుపును. ఈ జల్లెడ చెడినచో ఆల్బుమిన్ అను మాంసకృత్తు మూత్రములోనికి జారును. కోడిగ్రుడ్డు తెల్లసొనవలె ఇదియు వేడికి గడ్డకట్టును. లండను వైద్యుడు రిచర్డ్ బ్రైట్ 1827లో ప్రకటించిన గ్రంథములో ఈ లక్షణమును మూత్రపిండముల వ్యాధితో ముడిపెట్టెను. పరీక్షనాళికలో మూత్రమును కాచి, మబ్బు క్రమ్మినచో రెండు మూడు చుక్కల ఎసిటిక్ ఆమ్లము వేసి చూచుట పాత పద్ధతి. మబ్బు విడిపోయినచో అది లవణము; నిలిచినచో మాంసకృత్తు.

నేడు రంగుపట్టీని ముంచి చూతురు. పసుపు రంగు ఆకుపచ్చకు తిరిగినచో మాంసకృత్తు ఉన్నదని గుర్తు. పట్టీకి చిక్కని కొద్దిపాటి ఆల్బుమిన్‌ను ప్రయోగశాలలో కొలుతురు. మూత్రములోని ఒక గ్రాము క్రియాటినిన్‌కు ఆల్బుమిన్ 30 మిల్లీగ్రాములకు తక్కువగా నుండవలెను. పెద్దవయసున వచ్చు మధుమేహము బయటపడిన నాటినుండియే ఏటేట ఈ పరీక్ష చేయించుకొనవలెను.

నిద్రలేచిన వెంటనే, మొదటి ధారను విడిచి, తరువాతి మూత్రమును శుభ్రమైన సీసాలో పట్టవలెను. రాత్రి షిఫ్టు చేసినవారు మగ్గము దిగిన వెంటనే ఇయ్యక, నిద్రించి లేచిన పిదప ఇచ్చుట మేలు. కఠినశ్రమ, జ్వరము, మూత్రమార్గములో చీము, స్త్రీలకు ఋతుకాలము కూడ ఫలితమును తారుమారు చేయగలవు. కావున ఒక్క కాగితము చూచి బెంగపడ నక్కరలేదు. మూడు నెలలలో మరల పరీక్షించి, మూడింట రెండుసార్లు కనబడిననే వ్యాధిగా ఎంచుదురు. అప్పుడు రక్తపుపోటు అదుపు ముఖ్యము. ఆల్బుమిన్ జారుటను తగ్గించు మందులును గలవు. నొప్పిబిళ్లలు వైద్యుని అడుగక మ్రింగుట మానవలెను.

అయితే ఈ పరీక్షకు లొంగని మూత్రపిండముల వ్యాధియు తెలుగుదేశములోనే కలదు. శ్రీకాకుళము జిల్లాలో కవిటి, సోంపేట, ఇచ్ఛాపురము మొదలగు ఉద్దానపు గ్రామములలో మధుమేహము లేనివారికి సైతము మూత్రపిండములు క్షీణించుచున్నవి. కారణము నేటికిని నిర్ధారణ కాలేదు. అచ్చటి రోగులలో పలువురికి మూత్రమున మాంసకృత్తులు స్వల్పముగనే యుండును, ఒక్కొక్కప్పుడు ఉండనే ఉండవు. ఆ ప్రాంతమునుండి పనికై వలసవచ్చినవారు మూత్రపరీక్ష బాగున్నదని ఊరకుండక, రక్తములో క్రియాటినిన్ పరీక్షయు చేయించుకొనవలెను. తండ్రికిగాని, అన్నదమ్ములకుగాని ఈ వ్యాధి యున్నచో ఆ మాట వైద్యునితో ముందుగానే చెప్పవలెను.