నల్ల తెర ముందు తొలి పాఠం



మన ఇందల్వాయికి దగ్గర్లోనే డిచ్‌పల్లిలో 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది. సైన్సు చదివి పరిశోధన వైపు వెళ్లే పిల్లలకు చాలాసార్లు ఎదురయ్యే అడ్డంకి కమాండ్ లైన్. బొమ్మలు, బటన్లు ఉండవు. నల్ల తెర మీద మాట టైపు చేస్తే కంప్యూటరు ఆ పని చేస్తుంది. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మేటి 500 సూపర్ కంప్యూటర్లన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. వాటితో పని ఇలాగే చేయాలి. అందుకే మీ కోసం ఒక చిన్న పాఠం.

మొదట మూడు మాటలు చాలు. 'పీడబ్ల్యూడీ' అంటే నేనెక్కడ ఉన్నాను. 'ఎల్ఎస్' అంటే ఇక్కడ ఏమేం ఉన్నాయి. 'సీడీ' అంటే ఫలానా ఫోల్డరులోకి వెళ్లు.

ఇక పసుపు ధరల ఫైలు ఒకటి ఉందనుకుందాం. ఒక్కో వరుసలో ముందు ధర, తర్వాత తేదీ, రకం ఉంటాయి. 'గ్రెప్' అనే మాటతో కాడి రకం వరుసలే ఏరుకోవచ్చు. వాటిని నిలువు గీత ద్వారా 'సార్ట్'కు అందిస్తే వరుసలో పెడుతుంది. ఇక్కడే జాగ్రత్త! 'సార్ట్' అక్షరాల ప్రకారం చూస్తుంది; ఒకటి కంటే తొమ్మిది పెద్దది గనుక 12000 తర్వాత 9500 వస్తుంది. పక్కన 'మైనస్ ఎన్' చేరిస్తేనే సంఖ్యలుగా లెక్కిస్తుంది. 'ఆర్ఎం'తో చెరిపేసిన ఫైలు చెత్తబుట్టలోకి వెళ్లదు, పోయినట్టే. కాబట్టి ముందు నకలు తీసుకోవాలి.

ఇంత కష్టం ఎందుకంటే, టైపు చేసిన మాటలను ఫైలులో రాసి దాచుకోవచ్చు. రేపు మరొకరు వాటినే మళ్లీ నడిపి ఫలితం సరిచూడవచ్చు. జకాత్ పద్దుల పుస్తకం ఎవరు అడిగినా చూపగలగాలి కదా! పరిశోధన కూడా అలాంటి అమానతే.

దీనికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. లినక్స్ ఉచితం, పాత కంప్యూటరు మీదా నడుస్తుంది. పెద్ద లెక్క దూరాన ఉన్న సూపర్ కంప్యూటరు చేస్తుంది; ఇక్కడినుంచి ఆజ్ఞ పంపితే చాలు. కొరత ఉన్నది ఇంట్లో కంప్యూటరు లేని పిల్లలకు రోజుకో గంట కూర్చునే చోటుకు, మొదటి వారాల్లో భయం పోగొట్టి పక్కన నిలిచే మనిషికి. మీ ఇంట మూలనపడ్డ లాప్‌టాప్, చదువుకున్న మీ బిడ్డ ఇచ్చే ఆదివారం పూట రెండు గంటలు కూడా సదఖాయే. నేర్చినవారు మరొకరికి నేర్పితే అది సదఖా జారియా.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.