గట్టి గాలిలో చిన్న స్పోర్ట్ కైట్ ఎగరేయడం ఎలా?

సంక్రాంతి పతంగికి ఒకటే దారం, స్పోర్ట్ కైట్‌కు రెండు. కుడి దారం లాగితే పటం కుడికి, ఎడమది లాగితే ఎడమకు తిరుగుతుంది. 1972లో బ్రిటన్‌లో పీటర్ పావెల్ తయారుచేసిన రెండు దారాల పటం ఈ ఆటకు ఎంతో పేరు తెచ్చింది. పతంగి అలవాటున్నవాళ్లు ముందుగా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది: ఇందులో దారం వదలడం, చుట్టుకోవడం ఉండదు. గాలి గట్టిగా ఉన్నప్పుడు ఎంత గుంజితే పటం అంత వేగం పుంజుకుంటుంది. ఆ వేగాన్ని తగ్గించడం తెలిస్తే సగం ఆట వచ్చినట్టే.

1. గాలిని చూడండి
దుమ్ము లేచి, చిన్న కొమ్మలు కదులుతుంటే గాలి వేగం గంటకు 20–28 కి.మీ. కొత్తవాళ్లు ఇందులోనే మొదలుపెట్టాలి. చిన్న చెట్లు ఊగుతుంటే 29–38 కి.మీ. చేయి కుదిరాక ఇందులోకి రండి. పెద్ద కొమ్మలు ఊగుతూ గొడుగు పట్టడం కష్టమైతే ఆ రోజుకు మానేయండి. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది.

2. చోటు ఎంచుకోండి
చెట్లు, భవనాలు దాటి వచ్చే గాలి సుడులు తిరుగుతుంది. తీరంలో మధ్యాహ్నం సముద్రం మీదుగా వచ్చే గాలి నిలకడగా ఉంటుంది. అప్పుడు పటం ఒడ్డువైపు ఎగురుతుంది కాబట్టి అటు జనం, రోడ్డు, కరెంటు తీగలు లేవని చూసుకోండి.

3. సామాను సిద్ధం చేయండి
రెక్కల వెడల్పు మీటరుకు అటూఇటూ ఉన్న పటం చాలు. చిన్నది తక్కువగా లాగుతుంది, కానీ చురుగ్గా తిరుగుతుంది. గుడ్డలో జాలీ భాగం ఉంటే గాలి కొంత అందులోంచి పోయి లాగుడు ఇంకా తగ్గుతుంది. 20–25 మీటర్ల డైనీమా అనే సింథటిక్ దారాలు వాడండి. మాంజా వాడకండి, గాజు పూత రెండో దారాన్ని కోసేస్తుంది. సూత్రం ముడిని తయారీదారు పెట్టిన గుర్తు దగ్గరే ఉంచండి.

4. దారాలు సరిచూడండి
నేలలో మేకు దిగ్గొట్టి, చేతిపట్టీలు రెండూ దానికి తగిలించి, దారాల రెండో కొసలను కలిపి లాగి చూడండి. రెండూ సమానంగా ఉండాలి. లేకపోతే పటం లేవగానే ఒక పక్కకు తిరిగి నేలను కొడుతుంది. దారాలు కట్టేదాకా పటాన్ని బోర్లా పడుకోబెట్టి, మీద కాస్త ఇసుక వేయండి. కట్టాక ఇసుక దులిపి, ముక్కు పైకి ఉండేలా నిలబెట్టి, కాస్త వెనక్కి వాల్చండి.

5. లేపండి
మేకు నుంచి పట్టీలు తీసి చేతులకు వేసుకోండి. వీపు గాలివైపు ఉండాలి. చేతులు నడుము దగ్గర పెట్టి, రెండు దారాలనూ ఒకేసారి మెల్లగా లాగండి. వెనక్కి నడవనక్కర్లేదు, మణికట్టు కదలిక చాలు. నేరుగా పైకి వెళ్లనిచ్చి, తర్వాతే తిప్పండి.

6. తిప్పండి
మీ ఎదురుగా, తక్కువ ఎత్తులో లాగుడు అన్నిటికన్నా ఎక్కువ. నడినెత్తి వైపుకో, కుడి ఎడమ అంచులకో వెళ్లేకొద్దీ తగ్గుతుంది. మొదట్లో పటాన్ని ఎత్తులోనే ఉంచి, అటూ ఇటూ చిన్న చిన్న మలుపులు తిప్పండి. దారాలు మెలిపడితే కంగారు వద్దు, డైనీమా నున్నగా జారుతుంది. అటు తిప్పినన్ని చుట్లు ఇటు తిప్పితే విడిపోతాయి.

7. వేగం తగ్గించండి
పటం బలంగా లాగినప్పుడు చేతులు ముందుకు చాచి, పటం వైపు నడవండి. ముక్కు కిందకు పెట్టి నేలకు దూసుకొస్తుంటే వెనక్కి గుంజాలనిపిస్తుంది. అలా చేస్తే ఇంకా గట్టిగా తగిలి కడ్డీలు విరుగుతాయి. రెండు చేతులూ ముందుకు విసిరి నాలుగడుగులు పరుగెత్తండి, దెబ్బ తగ్గుతుంది.

8. దించండి
పటాన్ని ఒక పక్క అంచుకు, నేలకు దగ్గరగా తీసుకెళ్లండి. అక్కడ బలం తగ్గగానే ముందుకు అడుగేస్తే దిగుతుంది. వెంటనే పట్టీలను మేకుకు తగిలించి, పటం మీద మళ్లీ ఇసుక వేయండి.

బిగిసిన దారాన్ని ఒట్టి చేత్తో పట్టుకోకండి, చర్మం కోసుకుపోతుంది. దారాల కిందకు ఎవరైనా వస్తే పటాన్ని దూరంగా తిప్పి దించేయండి. ఉరుము వినిపిస్తే ఆట ఆపేయండి. ఈ నియమాలు పాటించి, మొదటి రోజుల్లో నడిపించడంకన్నా దించడమే ఎక్కువ సాధన చేయండి. సురక్షితంగా దించడం వచ్చినవాళ్లే గట్టి గాలిలో ధైర్యంగా ఎగరేయగలరు.