కూడుకొనుట మానినది ఎవరు?

వాక్యభాగములు: అపొ. కార్య. 2:41-47, 6:1-7, 18:1-3, 1 కొరింథీ. 11:17-34, హెబ్రీ. 10:24, 25



మన సంఘములలో ఎవరైనా నాలుగు ఆదివారములు కనబడని యెడల హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 10వ అధ్యాయమును జ్ఞాపకము చేయుట మనకు వాడుక. సమాజముగా కూడుట మానరాదని అక్కడ వ్రాయబడియున్నది. రానివారిని గద్దించుటకు దానిని వాడుచున్నాము. ఆ వాక్యము వచ్చినవారిని కూడ ప్రశ్నించుచున్నదని మేము ఆలస్యముగా నేర్చుకొంటిమి.

మా సంఘములో ఒక పెద్దమ్మగారు ఉన్నారు. భర్త చనిపోయిన తరువాత ఒక్క గదిలో అద్దెకు ఉండెడివారు. ఒకప్పుడు రెండు నెలలు ఆమె ఆరాధనకు రాలేదు. ఆంధ్రలో కూతురి దగ్గరకు వెళ్లియుందురని మేము అనుకొంటిమి. ఎవరమును విచారింపలేదు. తరువాత తెలిసినదేమనగా, ఆమె జారిపడి, కాలు విరిగి మంచముమీదనే ఉండిరి. ప్రక్క ఇంటివారు మన భాషవారు కారు, మన విశ్వాసమువారును కారు. వారే గంజి కాచి ఇచ్చుచుండిరి. మేము వెళ్లినప్పుడు ఆమె మమ్మును నిందింపలేదు. "రెండు నెలలు ప్రభువు బల్ల తప్పిపోయిందయ్యా" అని మాత్రము అన్నారు.

ఆ ఎనిమిది ఆదివారములును మేము పాటలు పాడితిమి, కానుకలు లెక్కించితిమి, ఆశీర్వాదము పొంది ఇండ్లకు వెళ్లితిమి. కూడుకొనుట మానినది ఆమెయా, మేమా? ఈ పాఠము ఆ ప్రశ్నలోనుండి పుట్టినది.

1. ఆరాధన దేవునికి చెందినది

ఏ కొండమీద ఆరాధింపవలెనని సమరయ స్త్రీ అడిగినప్పుడు ప్రభువు కొండల సంగతి వాదింపలేదు. తండ్రి వెదకునది స్థలమును కాదు, యథార్థముగా తన్ను ఆరాధించు మనుష్యులను అని తెలిపెను (యోహాను 4:19-24). సొంత ఊరికి దూరముగా బ్రదుకుచున్న మనకు ఇది గొప్ప ఆదరణ.

మన బాప్టిస్టు చరిత్రలోనే ఇందుకు సాక్ష్యమున్నది. 1854 జనవరి 1న ఒంగోలు కొండమీద జ్యూవెట్ దంపతులును ముగ్గురు తెలుగు విశ్వాసులును, వెరసి ఐదుగురు, కూడి ప్రార్థించిరి. మందిరము లేదు, జనసమూహము లేదు. క్లౌ దొరగారు వచ్చి ఒంగోలులో స్థిరపడినది 1866లో. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మనమందరము చెప్పుకొందుము. కాని కొండ ఎక్కినప్పుడు ఆ ఐదుగురు ఆ దినమును ఎరుగరు. సంఖ్యను చూచి వారు కొండ ఎక్కలేదు. దేవుని చూచి ఎక్కిరి, తోటి మనుష్యులకొరకు మోకరించిరి.

మనమో, ఆరాధన ముగిసి చెప్పులు తొడుగుకొనుచుండగానే "పాటలు బాగున్నవి, ప్రసంగము సాగదీసిరి" అని తీర్పు చెప్పుదుము. ఆరాధన మనకు నచ్చవలెనని వచ్చితిమా? దేవునికి అర్పించుటకు వచ్చితిమా?

2. సహవాసము పలకరింపు మాత్రమే కాదు

ఆది సంఘము నాలుగింటిలో ఎడతెగక యుండెను: అపొస్తలుల బోధ, సహవాసము, రొట్టె విరుచుట, ప్రార్థన. ఇచ్చట సహవాసమునకు వాడబడిన గ్రీకు మాట కొయినోనియా. రోమా 15:26లో, యెరూషలేములోని బీద విశ్వాసులకొరకు సొమ్ము కూర్చిన సందర్భములో, అదే గ్రీకు మాట వచ్చుచున్నది; మన తెలుగు బైబిలు అక్కడ దానిని "చందా" అన్నది. కాబట్టి సహవాసమనగా చేయి కలుపుట మాత్రమే కాదు, చేతిలోనిది పంచుకొనుటయు.

కొరింథులో ఏమి జరిగెను? అందరు ఒక చోటికే వచ్చిరి. కొందరు ముందుగా తిని తృప్తిపొందిరి, లేనివారు ఆకలితో ఉండిరి. మీ కూడిక వలన మేలు కంటె కీడే ఎక్కువని పౌలు వారికి వ్రాసెను. రొట్టెను చేత పట్టుకొని ప్రక్కనున్నవాని ఆకలిని చూడనివాడు ప్రభువు శరీరమును ఎట్లు గుర్తించును?

3. వలసవారి ఇంటిలో సంఘము

అకుల పొంతు దేశీయుడు. రోమాలో కాపురముండి, క్లౌదియ చక్రవర్తి యూదులను వెళ్లగొట్టగా భార్య ప్రిస్కిల్లతో కొరింథుకు వచ్చెను. డేరాలు కుట్టుకొని జీవించిరి. పౌలుకు తమ ఇంట చోటిచ్చిరి. తరువాత ఎఫెసుకు వెళ్లిరి, మరల రోమాకు వెళ్లిరి. రెండు చోట్లను వారి ఇంటిలో సంఘము కూడెను (1 కొరింథీ. 16:19; రోమా 16:5). పనికొరకు ఊళ్లు మారిన మన తాత ముత్తాతల కథవలె లేదా? వారు "మనకే ఇల్లు కుదరలేదు" అని తలుపు మూసికొనలేదు.

4. భాష పాత్రయే, అందులోని నీరు కాదు

వారమంతా కన్నడములోనో, తమిళములోనో, ఒడియాలోనో, మరాఠీలోనో మాట్లాడి వచ్చినవారికి తెలుగులో ప్రార్థన వినుట ప్రాణము లేచివచ్చినట్లుండును. ఆ మేలును తక్కువ చేయము. కాని తెలుగు మాట్లాడుటకే కూడుకొనిన యెడల మనము తెలుగువారి సంఘమే గాని క్రీస్తు సంఘము కాము.

యెరూషలేములో గ్రీకు భాష మాట్లాడువారి విధవరాండ్రు అనుదిన పంపకములో మరువబడిరి. అపొస్తలులు భాషనుబట్టి సంఘమును చీల్చలేదు. మరువబడినవారిని చూచుకొనుటకు సంఘము ఏర్పరచుకొనిన ఏడుగురిని నియమించిరి. మన పిల్లలలో అనేకులు తెలుగు మాట్లాడుదురు గాని చదువలేరు. వారిని చూచి నవ్వవద్దు. వాక్యమును వారు చదువగల లిపిలో చదువనిచ్చి, ఇంటి ప్రార్థనలో తెలుగు అక్షరములు నేర్పుదము.

ముగింపు

హెబ్రీ పత్రికలోని ఆ మాటలను మరల చదువుడి. మన తెలుగు బైబిలులో ఆ వాక్యము "ఆలోచింతము" అను మాటతో ముగియుచున్నది. ప్రేమకును మంచి పనులకును ఒకరినొకరు ఎట్లు పురికొల్పుదుమా అని ఆలోచించుటే అక్కడ ముఖ్యమైన పని. కూడుట అందుకు మార్గము. తోటివారిని గూర్చి ఆలోచింపనివాడు ముందు బల్లమీద కూర్చుండినను కూడుకొనుట మానినవాడే.

పెద్దమ్మగారి సంగతి తరువాత మేము ఒక చిన్న ఏర్పాటు చేసికొంటిమి. ఆరాధన ముగియగానే, రాని ఇండ్లవారి పేర్లు అడిగి, సాయంత్రములోగా ఇద్దరు వెళ్లి చూచి వచ్చుచున్నారు. బల్ల ఆదివారమున, రాలేనివారి ఇంటికి పాస్టరుగారును ఒక డీకనుగారును వెళ్లుచున్నారు. ఖర్చు లేదు, జ్ఞాపకముంచుకొనుటే కావలెను.

కూడికలలో చర్చించుటకు:
1. గత నెలలో మన ఆరాధనకు రానివారు ఎవరు? వారు ఎందుకు రాలేదో మనకు తెలియునా?
2. మన ఊరికి క్రొత్తగా పనికి వచ్చిన తెలుగు కుటుంబమునకు మనలో ఎవరి తలుపు తెరచియున్నది?
3. మన పిల్లలకు ఆరాధనలో ఏ పని అప్పగించితిమి?

మనలను ఒక శరీరముగా చేసిన ప్రభువు, కనబడని అవయవమును వెదకు మనస్సును మనకు దయచేయును గాక. ఆమేన్.