గల్ఫ్‌లో గణకవృత్తి: కొన్ని లెక్కలు

ప్రతి సంవత్సరం బి.కాం. చివరి పరీక్షలు ముగియగానే కొందరు విద్యార్థులు మా గదికి వచ్చి ఒకే ప్రశ్న అడుగుతారు: "సార్, దుబాయిలో అకౌంట్స్ పని దొరుకుతుందా?" దొరుకుతుంది. అయితే దొరికిన పనిని వృత్తిగా మలచుకొనుట వేరొక విద్య. దానిని గురించి ఎవరూ అడగరు గనుక మేమే ఇక్కడ కొంత వ్రాయదలచినాము.

యు.ఏ.ఇ.లో 2018 జనవరి 1 నుండి ఐదు శాతం వ్యాట్ అమలులోనికి వచ్చినది. 2023 జూన్ నుండి 3,75,000 దిర్హములు మించిన వ్యాపార లాభంపై తొమ్మిది శాతం కార్పొరేట్ పన్ను మొదలైనది. అందుచేత చిన్న దుకాణదారునికి సైతం సక్రమమైన పుస్తకాలు, వాటిని వ్రాయగల మనిషి అవసరమైనారు. కాని కేవలం డిగ్రీతో వెళ్ళినవాడు సహాయకుడుగా చేరి, తరచు సహాయకుడుగానే తిరిగి వస్తాడు. సి.ఏ. గాని, ఏ.సి.సి.ఏ. గాని పూర్తిచేసి, అంతర్జాతీయ గణక ప్రమాణాలు నేర్చినవానికే పై మెట్లు. 2004లో ఏర్పడిన దుబాయి అంతర్జాతీయ ఆర్థిక కేంద్రంలోని సంస్థలలో ప్రవేశమూ అట్టివారికే సులభం.

ఇక వేతనం సంగతి. మా పూర్వ విద్యార్థి ఒకరు పదేళ్ళు అక్కడ పనిచేసి వచ్చినారు. చివరి నెల జీతం 8,000 దిర్హములు. అందులో మూల వేతనం 3,200 మాత్రమే. తక్కినది ఇంటి భత్యం, ప్రయాణ భత్యం. అక్కడి చట్టం ప్రకారం సేవాంత పారితోషికం మొదటి ఐదేళ్ళకు ఏడాదికి 21 రోజుల, ఆపై ఏడాదికి 30 రోజుల మూల వేతనం. మొత్తం జీతంపై 68,000 దిర్హములు వచ్చునని ఆయన లెక్కవేసుకొన్నారు. చేతికి వచ్చినది 27,200. ఆ సొమ్మును నమ్ముకొని చెల్లెలి పెళ్ళి నిశ్చయించి ఉన్నారు. పదేళ్ళు పరుల పద్దులు పైసాతో సహా సరిచూచినవాడు తన నియామక పత్రంలోని ఆ ఒక్క పంక్తిని చదువలేదు! పైన చెప్పిన ఆర్థిక కేంద్రంలో మాత్రం 2020 నుండి యజమాని నెలనెలా ఒక నిధిలో జమ చేయవలెను. అదీ మూల వేతనంపైననే.

మరొక భ్రమ రూపాయలది. దిర్హము విలువ 1997 నుండి డాలరుకు 3.6725గా కట్టివేయబడి ఉన్నది. 2014లో 16 రూపాయల పైచిలుకు ఉన్న దిర్హము 2024 నాటికి 22 దాటినది. ఇంటికి పంపే వేయి దిర్హములు పదహారు వేల నుండి ఇరువది రెండు వేలు కాగా, జీతం పెరిగినదని ఇంటివారు సంతోషిస్తారు. నిజానికి తగ్గినది మన రూపాయి. అక్కడి అద్దె, పిల్లల ఫీజు దిర్హములలోనే కట్టవలెను గదా! సాధారణ ఉద్యోగికి అక్కడ పౌరసత్వమూ లేదు, పింఛనూ లేదు. నివాసానుమతి సైతం ఉద్యోగంతో ముడిపడినది. కావున ప్రతి ఏటి ఎదుగుదలను దిర్హములలోనే కొలుచుకొనవలెనని మా అభిప్రాయం.

ఉర్దూ మాధ్యమ విద్యార్థులకు ఒక అనుకూలత కలదు. దుబాయి ఇస్లామిక్ బ్యాంకు 1975లో వెలసినది. ఇట్టి బ్యాంకుల గణక ప్రమాణాలను బహ్రెయిన్‌లోని ఆయోఫీ సంస్థ రూపొందిస్తున్నది. మురాబహా, ముదారబా, ఇజారా అను మాటలు మన పిల్లలకు కొత్త కావు. అయితే మాట తెలిసినంత మాత్రాన పద్దు తెలిసినట్లు కాదు. మురాబహాలో బ్యాంకు వస్తువును ముందు తాను కొని, లాభమెంతో చెప్పి ఖాతాదారునికి అమ్ముతుంది. కొన్న తేదీ అమ్మిన తేదీకి ముందున్నదా అని చూచుటయే తనిఖీదారుని మొదటి పని. తారుమారైతే అది అమ్మకం కాదు, వడ్డీ అప్పే.

చివరగా చిన్న విషయం, మన కళాశాలలో మాత్రం పెద్దదే. డిగ్రీ పట్టాను రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ దేశపు రాయబార కార్యాలయం వరుసగా ధ్రువీకరించవలెను. పదవ తరగతి మెమోలో ఎం.డి. అనీ, పాస్‌పోర్టులో మొహమ్మద్ అనీ, డిగ్రీలో మహమ్మద్ అనీ ఉన్న పేర్లు మా హాజరు పట్టీలోనే ఎన్నో కనబడుతున్నవి. ఈ సంచిక చేతికందిన వారంలోగా మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూచుకొనుడు. తేడా ఉన్నవారు సెలవులకు ముందే మా వద్దకు రావలెను. దరఖాస్తు నమూనా మా బల్లపై ఉన్నది.