తోలుబొమ్మ తయారు చేసేదెట్ల?

పోయినసారి గోడపత్రికలో గ్రహణం గురించి వచ్చింది. నీడ ఎట్ల పడుతుందో అందులో చదువుకున్నాం. ఆ నీడతోనే కథ చెప్పే తోలుబొమ్మ గురించి ఈసారి రాస్తున్నాను. బొమ్మ చేయడంలో సంతోషం ఎంత ఉంటుందో విసుగూ అంతే ఉంటుంది. రెండూ రాస్తాను.

తోలుబొమ్మలకు పేరుబడిన ఊరు నిమ్మలకుంట, ధర్మవరం మండలం. 2022 దాకా మన అనంతపురం జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. ధర్మవరం అంటే అందరికీ పట్టుచీరలే గుర్తొస్తాయి. ఆ మండలంలోనే ఈ ఊరిలో మేకతోలు మీద రాముడు, రావణుడు, హనుమంతుడు పుడతారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలాట కుటుంబాలవాళ్లు ఇంట్లో మరాఠీ కలిసిన మాట మాట్లాడుకుంటారు, ఆట మాత్రం తెలుగులో ఆడతారు. మా సుగాలీలదీ అంతే కదా. తండాలో గోర్ బోలి, బడిలో తెలుగు. అందుకే వాళ్లు నాకు కొత్తవాళ్ల మాదిరి అనిపించలేదు.

మొదట తోలు సంగతి. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు, కొవ్వు గీకేసి, బాగా కడిగి, లాగి కట్టి ఎండబెడతారు. చెప్పులు కుట్టే తోలు వేరు. దాన్ని తంగేడు చెక్క లాంటివాటితో పదును చేస్తారు, అది మెత్తగా ఉంటుంది కానీ వెలుగును పోనివ్వదు. బొమ్మతోలును అట్ల పదును చేయరు. పచ్చితోలునే పలచగా గీకి ఎండబెడితే అది నూనె కాగితం మాదిరి అవుతుంది. సైన్సు పాఠంలో మూడు మాటలు నేర్చుకున్నాం. గాజు పారదర్శకం, గోడ అపారదర్శకం, నూనె కాగితం పాక్షిక పారదర్శకం. బొమ్మలాట అంతా ఆ మూడో మాట మీదనే నిలబడి ఉంది. తోలు వెలుగును పోనివ్వకపోతే తెర మీద నల్లని నీడ తప్ప ఏమీ పడదు. మన బొమ్మల్లో ఎరుపు ఎర్రగా, పచ్చ పచ్చగా తెర మీద కనబడేది అందుకే.

ఇక్కడ మన సీమ సంగతి ఒకటి చెప్పాల. తోలు ఎండడానికి మన ఎండను మించింది లేదు. తడి గాలి తగిలితే తోలు వంకర పోతుంది, మన దగ్గర ఆ బాధ తక్కువ. కానీ నానబెట్టడానికి, కడగడానికి నీళ్లు కావాల. బిందె కోసం కొట్లాడుకునే ఊళ్లలో తోలు కడగడానికి నీళ్లు ఎవరిస్తారు? ఒకే ఆకాశం ఒక పని చేసిపెడుతుంది, ఇంకో పని చెడగొడుతుంది.

ఒకప్పుడు దేవుళ్ల బొమ్మలకు జింకతోలు వాడేవాళ్లు. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చాక అది కుదరదు. ఇప్పుడు మేకతోలే. మనిషంత ఎత్తు బొమ్మకు ఒక తోలు చాలదు.

ఎండిన తోలు మీద బొమ్మ గీస్తారు. చాలా బొమ్మల ముఖం పక్కకు తిరిగి ఉంటుంది. ఎందుకో చూడండి. ఎదురుగా ఉన్న ముఖం నీడలో ముక్కు ఎక్కడ కనబడుతుంది? ఉత్త గుండ్రం అవుతుంది. పక్కకు తిరిగితే ముక్కు, పెదవి, గడ్డం అన్నీ తెలుస్తాయి. లేపాక్షి గుడి పైకప్పు మీద రంగుల బొమ్మలు చూసినవాళ్లకు ఈ ముక్కు, ఈ పెద్ద కన్ను గుర్తుకొస్తాయి. ఎక్కడో జావాలో ఎనుముతోలుతో చేసే బొమ్మలూ పక్కకే చూస్తుంటాయి.

తర్వాత తూట్లు. నగలు, కిరీటం, చీర అంచు, అన్నీ తూట్లే. కింద చెక్క పెట్టుకొని, చిన్న ఉలి మీద సుత్తితో కొట్టుకుంటూ పోవాల. ఒక్క కిరీటంలోనే ఎన్నో. విసుగంతా ఇక్కడే. మా అవ్వ అద్దాల కుట్టు వేసేటప్పుడు తప్పు పడితే దారం లాగేసి మళ్లీ కుడుతుంది. తోలుకు పడిన తూటు పూడదు. కిరీటం చివర్లో చెయ్యి జారితే అన్ని రోజుల పని పోయినట్టే. అట్లని భయపడుతూ కొడితే తూటు తెగదు. ఇంకో కష్టం ఏమంటే, పని చేసినంత సేపూ బొమ్మ బాగుండదు. చేతిలో అది మచ్చల తోలు మాదిరే ఉంటుంది. రంగులు రెండు వైపులా వేసి, దీపం ముందర పెట్టినప్పుడే ప్రతి తూటూ చుక్క మాదిరి మెరుస్తుంది. సంతోషం అంతా ఆ ఒక్క నిమిషంలో వస్తుంది.

తల, నడుము, చేతులు, కాళ్లు వేరువేరుగా కోసి దారంతో ముడి వేస్తారు. నడిమికి బద్ద కడతారు, చేతులకు పుల్లలు కడతారు. ముడి బిగిస్తే చెయ్యి లేవదు, వదులైతే గిరగిరా తిరుగుతుంది. ఆట ఆడేటప్పుడు ఆడపాత్రలకు ఆడవాళ్లే పాడి మాట్లాడతారు. బంగారక్క, జుట్టు పోలిగాడు, కేతిగాడు వచ్చి రామాయణం నడుమ జనాన్ని నవ్విస్తారు.

ఇప్పుడు ఆటలు తగ్గి, ఆ చేతులే తోలుతో దీపాల గొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు చేస్తున్నాయి. అవి అమ్ముడుపోతాయి, ఇల్లు గడుస్తుంది. తప్పు అనను. ఐతే వాటికి ముళ్లు లేవు, చెయ్యి ఎత్తలేవు. ముడి లేనిది బొమ్మ కాదు, పటం అంటాను నేను.

మన హాస్టల్లో తోలు దొరకదు, దొరికినా వాసనకు ఎవరూ ఒప్పుకోరు. దానికి ఉపాయం ఉంది. డ్రాయింగ్ షీటుకు చెనిక్కాయ నూనె రుద్ది ఆరబెడితే వెలుగు పోనిస్తుంది. తూట్లకు దబ్బనం, కింద పాత చెప్పు. పుల్లలకు చీపురు ఈనెలు. రంగు ముందే వేసి తర్వాత నూనె రుద్దాల, లేకుంటే రంగు పట్టదు. మా గదిలో నలుగురం కలిసి నక్క, మేక, ముసలమ్మ బొమ్మలు చేసినాం. నూనె వాసనకు ఎలుకలు వచ్చి మేకను కాళ్ల దాకా తినేసినాయి. నక్కను ముట్టుకోలేదు! రెండో మేక ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది.

ఇదంతా ఎందుకు రాసినానంటే, తల్లిదండ్రులు వచ్చే ఆదివారం మా యాడి ఈ గోడపత్రిక ముందర నిలబడి, నా పేరు ఏదని అడిగి, దాని మీద వేలు పెట్టి చూసి పోతుంది. ఆమెకు చదువు రాదు. చాలామంది అమ్మలకు రాదు. ఈ పాఠం ఎంత బాగా రాసినా వాళ్లకు గీతలే. బొమ్మ ఆడితే చదవనక్కర లేదు. మేక కథ గోర్ బోలిలో సగం, తెలుగులో సగం చెప్పుకుంటున్నాం. ఎరుకల పిల్లలు వాళ్ల మాటలో ముసలమ్మకు గొంతు ఇస్తామన్నారు.

మేడమ్ గారూ, వచ్చే నెల ఆ ఆదివారం సాయంత్రం భోజనాల హాలు అర్ధగంట ఇప్పించండి. ఒక బల్బు, పొడవాటి వైరు, రెండు తెల్ల పంచెలు కావాల. పంచెలు మేమే ఉతికి ఇస్తాం. కిటికీలు మూయడానికి దుప్పట్లు మావి ఉన్నాయి. కరెంటు పోతే కిరసనాయిలు దీపం వద్దు, కాగితానికి నూనె ఉంది, అంటుకుంటుంది. టార్చిలైటు ఐతే చాలు.